కూర్చోమన్న పాపం

విజిలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని డిపోలో తెలియనివాళ్ళు లేరు. సిటీ బస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేసిన మనిషి. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మెడలో వేలాడే ఈల పుణ్యమా అని విజిలమ్మ అయిపోయింది. ఆవిడ ఒక ఈల వేస్తే బండి ఆగాలి, రెండు వేస్తే కదలాలి. మధ్యలో సొంత తెలివితేటలు చూపించిన డ్రైవరుకి ఆ రోజు మూడినట్టే.

బస్సు ఎన్ని వంపులు తిరిగినా ఆవిడ కడ్డీ పట్టుకునేది కాదు. చేతులు రెండూ టికెట్ల పనిలో ఉంటే పట్టుకోవడం ఎలా? ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఒట్టి కాళ్ళ బలంతో నడిచేది. ఎవరైనా పెద్దవయసు మనిషి ఎక్కితే మాత్రం ఆ కోపమంతా ఎటు పోయేదో, సీట్లో ఉన్న పడుచువాళ్ళను లేపి, “కూర్చోండి పెద్దమ్మా, మీరు నిలబడకూడదు” అని భుజం పట్టి మరీ కూర్చోబెట్టేది. మంచి పనే అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

ఆవిడ ఉద్యోగం నుంచి దిగిపోయిన నెలలోనే అక్క స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. అక్క ఉండేది కూతురి దగ్గర, నాలుగో అంతస్తులో. లిఫ్టు లేని పాత కట్టడం. కూతురు బళ్ళో పాఠాలు చెప్పడానికి పొద్దున్నే పోతే సాయంత్రానికి గానీ రాదు. అందుకని ఆదివారం ఆదివారం విజిలమ్మే పళ్ళ సంచీ పట్టుకుని వెళ్ళేది. వెళ్ళిందంటే అక్కను మంచినీళ్ళకైనా లేవనిచ్చేది కాదు. “నువ్వు కదలకు, నేనున్నాగా” అని పోట్లాడి, గ్లాసు చేతికిచ్చి, దువ్వెన చేతికిచ్చి, దిండు వీపు వెనక సర్ది వచ్చేది. ఒకరికి ఒకరు తప్ప తోడబుట్టినవాళ్ళు ఎవరూ లేరు ఇద్దరికీ.

ఇంట్లో విజిలమ్మకు జరిగేదీ అదే. కొడుకు, కోడలు బంగారంలాంటి మనుషులు. వచ్చిన చిక్కంతా అక్కడే. చెడ్డవాళ్ళయితే నాలుగు దులిపేయొచ్చు, మంచివాళ్ళను ఏమని తిడతాం? కొడుకు కాళ్ళు చాపుకునే మెత్తటి కుర్చీ ఒకటి కొని తెచ్చి, “అమ్మా, ముప్పై ఏళ్ళు నిలబడ్డావు, ఇక చాలు” అన్నాడు. టీ కుర్చీకే వచ్చేది, కంచం కుర్చీకే వచ్చేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల సంగతి ఎవరు చూశారు గానీ, నాలుగేళ్ళలో విజిలమ్మ పిక్కలు మాత్రం కరిగిపోయాయి.

అక్క ఇంటికి అరవై నాలుగు మెట్లు. మొదటి ఏడాది ఆగకుండా ఎక్కింది. రెండో ఏడాది కడ్డీ పట్టుకుంది. మూడో ఏడాది ప్రతి అంతస్తులోనూ ఆగి, గోడమీద ఏదో చదువుతున్నట్టు నటించింది. నాలుగో ఏడాది ఒక ఆదివారం రెండో అంతస్తు చేరాక కాలు పైకి లేవనంది. ఆ అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి చూసి, గబగబా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

“కూర్చోండి పెద్దమ్మా, మీరు నిలబడకూడదు.”

ఒళ్ళు మండిపోయింది విజిలమ్మకు. తన మాట, అక్షరం పొల్లుపోకుండా, తన మొహానే! ఆ కుర్చీని మెట్ల మీంచి కిందికి తన్నాలనిపించింది. తన్నడానికి కాలు లేవాలి కదా. కూర్చుంది. అరగంట కూర్చుని, పైకి కాక కిందికి దిగి, వీధిలోంచి ఫోన్ చేసింది.

“ఈవేళ బస్సులు దొరకలేదక్కా.”

“కండక్టరుకి బస్సు దొరకలేదా? సరేలే” అంది అక్క.

ఆ “సరేలే” పుండు మీద కారమైంది. ఇంటికొచ్చాక కొడుకు, “ఎందుకమ్మా అంత అవస్థ? ఫోన్లో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోండి, కూర్చున్నచోటే పనైపోతుంది” అన్నాడు.

“నా తోడబుట్టింది ఫోన్లో బొమ్మట్రా? కూర్చున్నచోటు, కూర్చున్నచోటు! ఇంకో మాట ఎత్తావంటే ఆ కుర్చీ వీధిలో ఉంటుంది!” అని అరిచింది. అరుస్తూనే ఆ కుర్చీలో కూలబడాల్సి వచ్చినందుకు ఇంకా మండింది.

డాక్టరు మోకాలు నొక్కి, “వయసు మీద పడింది కదమ్మా” అని ఒక కాగితం ఇచ్చాడు. కుర్చీలో కూర్చుని కుడికాలు పదిసార్లు, ఎడమకాలు పదిసార్లు ఎత్తాలట. కుర్చీ తెచ్చిన జబ్బుకి కుర్చీలోనే మందా! గోడకేసి చూస్తూ కాళ్ళు లెక్కపెట్టుకోవడం మూడు రోజులు చేసి, నాలుగో రోజు ఆ కాగితాన్ని కిటికీ సందులో కుక్కేసింది.

ఉద్యోగం మానేసినవాళ్ళకిచ్చే బస్సు పాసు మార్పించుకోవడానికి ఓ పొద్దున డిపోకు వెళ్ళింది. సిబ్బంది విశ్రాంతి గదిలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. సిబ్బంది బీరువాల పక్కన పాత టేబుల్ టెన్నిస్ బల్ల. ఒక కోడు పొట్టిదైతే దాని కింద అరిగిన బ్రేకు ముక్క పెట్టారు. బల్లకు అటువైపు పద్దెనిమిదేళ్ళు తన బస్సు నడిపిన డ్రైవరన్న, డెబ్బై ఒక్క ఏళ్ళవాడు, కుర్ర మెకానిక్‌ను అటూ ఇటూ ఉరికిస్తున్నాడు.

“ఏం చెల్లెమ్మా, కుంటుతున్నావేం?”

“వయసు మీద పడిందట!” అని పళ్ళు నూరింది.

“ముసలితనం ఎలాగూ ఎక్కుతుందమ్మా, ఎక్కకుండా నువ్వూ నేనూ ఆపలేం. ఎక్కగానే సీటిచ్చి కూర్చోబెట్టకు. కాసేపు నిలబడనీ దాన్ని. ఇందా, పట్టు.”

బ్యాటు చేతిలో పెట్టాడు. ఆ పూట ఆవిడకు ఒక్క బంతీ తగల్లేదు. బ్యాటు రబ్బరు బాగాలేదంది, బల్ల వాలిందంది, వెలుతురు కళ్ళలో పడుతోందంది. “ఆడలేక మద్దెల ఓడు” అని డ్రైవరన్న పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చాలు. మర్నాడు ఎనిమిది కాకముందే విజిలమ్మ డిపోలో ఉంది.

ఒళ్ళు బాగుపడాలని కాదు, అతణ్ణి ఓడించాలని వెళ్ళింది. ‘వయసు కదమ్మా’ అన్న డాక్టరు మొహం అనుకుని ఒక బంతిని, ‘కూర్చోండి పెద్దమ్మా’ అనుకుని ఇంకో బంతిని బాదింది. బంతి బీరువాల కిందికి దొర్లితే వంగి తీసుకోవాలి. అలా రోజుకు ముప్పైసార్లు వంగేది, వంగుతున్నానన్న సంగతే తట్టేది కాదు. తిడుతూ ఆడే మనిషి తిట్ల మధ్య ఎప్పుడు నవ్వడం మొదలుపెట్టిందో ఆవిడకే తెలియదు. కాళ్ళు మాత్రం బస్సులో అడుగులు గుర్తు తెచ్చుకున్నాయి.

రెండో నెలలో ఆటలో జారిపడి మోకాలు గీరుకుపోయింది. ఆ సాయంత్రం కొడుకు బ్యాటు తీసి బీరువా మీద పెట్టేశాడు. “మీ మంచికే కదత్తయ్యా” అని కోడలు మందు రాయబోయింది. విజిలమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. మేకుకు తగిలించిన ఈల తీసి, హాల్లో నిలబడి రెండుసార్లు ఊదింది. పక్కింటివాళ్ళు తలుపులు తీశారు.

“పడ్డాను. లేచాను కూడా! పడ్డది అందరికీ కనబడుతుంది, లేచింది ఒక్కరికీ కనబడదేం? దించు బ్యాటు!”

కొడుకు కిక్కురుమనకుండా దించాడు.

అయిదు నెలలు గడిచాయి. జుట్టు నల్లబడలేదు, చలిపూట కుడిమోకాలు సలపడం మానలేదు. డ్రైవరన్నను ఓడించింది మొత్తం మీద మూడే సార్లు. ఈలోగా అక్కతో ఫోన్లో రోజుకో అబద్ధం. అయిదో నెల చివరి ఆదివారం పళ్ళ సంచీ పట్టుకుని ఆ మెట్ల ముందు నిలబడింది. రెండో అంతస్తు అమ్మాయి తలుపు తీసేలోపే దాటేసింది. మూడో అంతస్తులో ఒక్కసారి ఆగింది, గోడ చదవలేదు. ఆయాసంతో, గెలిచిన పొగరుతో అక్క తలుపు తోసింది.

అక్క కుర్చీలో ఉంది. సన్నబడి, మెడ ముందుకు వాలి, పాదాలు ఉబ్బి ఉన్నాయి. చెల్లెలి మొహం చూసి కళ్ళు తుడుచుకుంది. లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చుంది. విజిలమ్మ పొగరు అక్కడికక్కడే దిగిపోయి కోపం తన్నుకొచ్చింది.

“ఇదేంటక్కా ఇలా అయిపోయావు! ఎముక ఎప్పుడో అతుక్కుందిగా? రోజూ నడవమని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పలేదా? నీ కూతురికి బుద్ధుండక్కర్లేదా, మనిషిని ఇలా కూర్చోబెట్టేస్తారా?”

“దాన్నేమీ అనకు” అంది అక్క. “అది నడిపించాలనే చూసింది. డాక్టరూ నడవమనే చెప్పాడు. కూర్చోమన్నది నువ్వే. కదలకు, నేనున్నాగా అన్నావు. నువ్వు చెప్పావని దాని మాట వినలేదు. తర్వాత నువ్వూ రావడం మానేశావు.”

బస్సులో కూర్చోబెట్టిన వందలమంది సంగతి వేరు, వాళ్ళు రెండు స్టాపుల తర్వాత లేచి దిగిపోయేవారు. అక్కను నాలుగేళ్ళు దిగనివ్వలేదు. ఎవరిమీద అరవాలో తెలియక, చేతిలో సంచీని నేలకేసి కొట్టింది. పళ్ళు మంచం కిందికి దొర్లాయి.

“లే అక్కా” అంది చివరికి. చెయ్యి చాపింది.

అక్క ఆ చేతిని తోసేసింది. కుర్చీ అంచు పట్టుకుని ఒకసారి ప్రయత్నించింది, రెండోసారి లేచింది. గోడ పట్టుకుని, ప్రతి అడుగుకీ చెల్లెల్ని కోపంగా చూస్తూ గడప దాకా వచ్చింది. కిందికి తొంగి చూసింది.

“ఎన్ని మెట్లు?”

“అరవై నాలుగు.”

“వచ్చే ఆదివారం ఒకటి దిగుతాను” అంది అక్క, రొప్పుతూ. “నువ్వు పక్కనే నిలబడు. కూర్చోమని నోరెత్తావో, చంపేస్తాను.”