చింతగింజల బొగ్గులో లోహం లేదట

పరిశోధనలో చేరిన ఆ తొలినాళ్లలో, ప్రయోగం ఫలిస్తే అది నా ప్రతిభ అనీ, ఫలించకపోతే పరికరం పాతదనీ గట్టిగా నమ్మేదాన్ని. ఫ్యూయల్ సెల్ అనే ఇంధన ఘటంలో ఆక్సిజన్ చర్య చురుగ్గా సాగాలంటే ఖరీదైన ప్లాటినం కావాలి. ఆ పనిని ఏ లోహమూ లేని నానో కార్బన్ పొడితో చేయించాలన్నది మా గైడుగారి పంతం. అందుకే మేమంతా చాటుగా ఆయన్ని ‘నిర్లోహం సార్’ అనేవాళ్లం (చేతికి మాత్రం మూడు ఉంగరాలు). నా వంతుకు చింతగింజలు వచ్చాయి. వాటిని పొడి చేసి, యూరియా కలిపి, కొలిమిలో మాడ్చాలి. ల్యాబులో గ్రైండరు చెడిపోవడంతో చిలకలగూడలో మా ఇంటి ఓనరమ్మ మిక్సీ అడిగి తెచ్చుకున్నాను. ఆ పొడి అచ్చం ప్లాటినంలా పనిచేసింది! గ్రాఫు చూసి సార్ కుర్చీలోంచి లేచారు (నా కోసం ఆయన లేవడం అదే మొదలు, అదే ఆఖరు). పెద్ద సదస్సుకి నా పేరు పంపేశారు.

మిక్సీ తిరిగిచ్చిన సాయంత్రమే ఓనరమ్మ జార్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“ఏందమ్మా గిది? బ్లేడు సగం అరిగిపాయె. చట్నీ సుత అయితలేదు. గా ఇనుమంత ఏడికి పోయింది?”

“సారీ ఆంటీ, కొత్త బ్లేడు వేయిస్తాను,” అన్నాను. ఇంకెక్కడికి పోతుంది? నా పొడిలోకే! మర్నాడు గింజల్ని రాతి కల్వంలో నూరి మళ్లీ చేశాను. ఈసారి ఆ పొడి ఉత్త బొగ్గులా (నిజాయితీగా) పడుకుంది. పరుగున వెళ్లి సార్‌కి చెప్పాను. ఆయన శాంతంగా విని, “నిన్ను కల్వం ఎవరు వాడమన్నారమ్మా? మిక్సీ బాగానే ఉంది కదా,” అన్నారు.

ఎదిరించానని చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ సదస్సులో ఆసాంతం ‘లోహం లేదు, లోహం లేదు’ అనే చదివాను. చివర్లో ఒక పెద్దాయన లేచి, “గింజలు దేంతో పొడి చేశారమ్మా?” అని అడిగేసరికి, నోరు దానంతటదే “మిక్సీతోనండీ” అనేసింది. హాలంతా ఒకటే నవ్వు. సార్ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఏడాది తర్వాత ఇనుము సంగతి బయటపెడుతూ వ్యాసం అచ్చయింది. ఆ అనుమానం మొదట సార్‌కే వచ్చిందని అందులో ఉంది (రాసింది నేనే లెండి).

ఇప్పుడు నేనూ ఒక గైడుని. మొన్న నా విద్యార్థిని కళ్లు మెరుస్తుండగా అద్భుతమైన గ్రాఫొకటి తెచ్చింది. ఎలా వచ్చిందని కదా అడగాలి! “ఇంకెవరికైనా చూపించావా?” అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.