అద్దకపు షెడ్డు నీళ్లు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే రోజుల్లో, ఆదివారాలు తార్నాకలో ఒక బస్తీకి వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేదాన్ని. బస్తీని ఆనుకునే ఒక అద్దకపు షెడ్డు ఉండేది. రంగునీళ్లు అందులోంచి పారి బావి దగ్గర మడుగు కట్టేవి. కొన్నాళ్లకు బావినీళ్లు కూడా ఎర్రబారాయి. ఆ నీళ్లలో నాని మండే వేళ్లతో బలపం పట్టుకోలేక ఆడవాళ్లు చేతులు విదిలించుకునేవాళ్లు.

షెడ్డు మూయించాలని ఒకరోజు క్లాసులో అన్నాను. ఆ షెడ్డులోనే కూలిచేసే ఒక అక్కకు కోపం వచ్చింది. ఆమె సంపాదన మీదే ఇల్లు నడిచేది.

"మూస్తే మేమేం తినాలె? నీళ్లు మంచిగ కావాలె, పని గూడ ఉండాలె. గది చెప్పు, చదువుకున్నదానివి గదా."

షెడ్డు రంగునీళ్లు సీసాల్లో పట్టుకెళ్లి లాబ్‌లో కూర్చున్నాను. ఎన్నో తప్పులయ్యాక, సున్నం కలిపి నిలవబెడితే రంగు చాలావరకు అడుక్కు దిగుతుందని తేలింది. అది వాళ్లే చేసి చూడాలని ఆడవాళ్లందరినీ క్యాంపస్‌కు తీసుకొచ్చాను.

మా శాఖాధిపతి గుమ్మంలోనే ఆపారు. లాబ్ బస్తీవాళ్ల కోసం కాదన్నారు. ఇలాగే చేస్తే నా సీటు పోతుందన్నారు.

"గీ లాబ్ సర్కారు పైసలతోని నడుస్తది సార్. వీళ్లు అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నరు. నా సీటు పోతె పోనీయుండ్రి," అన్నాను.

ఆయన పక్కకు జరగలేదు. మేమూ వెనక్కి వెళ్లలేదు. మెట్ల మీదే బకెట్లు పెట్టుకుని పాఠం మొదలుపెట్టాం. క్లాసులు వదిలిన విద్యార్థులు చుట్టూ నిలబడి చూశారు.

మర్నాడు అక్క షెడ్డు యజమానికి అంతా వివరించి, సున్నం కలిపి నీళ్లు నిలవబెట్టడానికి రెండు గుంతలు తవ్వించమని అడిగింది. తనకు పాఠాలు చెప్పొద్దని, పనిలోంచి తీసేస్తానని ఆయన బెదిరించాడు.

"తీసెయ్యి. ఇంకొకళ్లను తెచ్చుకో. వాళ్లకు గూడ నేనే నేర్పుత."

ఆమె నేలమీద కూర్చుంది. మిగతావాళ్లూ పని ఆపి పక్కన కూర్చున్నారు. కట్టలకొద్దీ బట్ట తొట్లలోనే నానిపోతుంటే ఆయన దిగొచ్చాడు. గుంతలు తవ్వించాడు. ఎవరి పనీ పోలేదు. బావి తేటబడడానికి మాత్రం రెండు వానాకాలాలు పట్టింది.

నా సీటు పోలేదు కానీ, ప్రాక్టికల్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. ఎందుకని అడగడానికి నేను వెళ్లలేదు. బస్తీలో క్లాసు మాత్రం ఒక్క ఆదివారమూ ఆపలేదు.