నాలుగు డిస్కులకు ఒకటే బొట్టు

జగ్గయ్యపేటలో నాకొక ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఎవరు పిలిస్తే వాళ్ళకి తీస్తాను. స్టూడియోలో కెమెరాల కన్నా, డ్రోన్ కన్నా నేను ఎక్కువ గౌరవంగా చూసుకునే వస్తువు ఒకటుంది. బల్ల కింద, ఎవరి కాలూ తగలకుండా అట్టపెట్టె అడ్డం పెట్టి ఉంచిన ఒక నల్ల పెట్టె. దాని గూళ్ళలో నాలుగు హార్డ్ డిస్కులు ఒకదాని కింద ఒకటి సొరుగుల్లా దూరి ఉంటాయి.

దాన్ని నా నెత్తిన పెట్టింది మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆయనకి నందిగామలో స్టూడియో ఉంది. ప్రతి విషయంలోనూ నాకన్నా ఆరు నెలలు ముందుంటానని ఆయన గట్టి నమ్మకం.

"బావా, ఈ నాలుగూ కలిపితే ఒకటే డిస్కు కింద లెక్క. వీడియోని ముక్కలు చేసి నాలుగింట్లోనూ పరిచేస్తది. చదివేటప్పుడు నాలుగూ ఒక్కసారే అందిస్తయ్. స్పీడు చూస్కో ఇంక! పైగా ఒక డిస్కు చచ్చిపోయినా, మిగతా మూడూ కలిసి అందులో ఏముందో చెప్పేస్తయ్. నువ్వు గుండెల మీద చెయ్యేసుకుని పడుకో" అన్నాడు.

వాడేసిన పెట్టెనే హైదరాబాదులో ఎవరి దగ్గరో పట్టి తెచ్చాడు. పాతది కాబట్టి దానికి పట్టింపులెక్కువ. ఏ డిస్కు ఏ గూట్లో పెట్టామో ఆ గూట్లోనే ఉండాలి. తారుమారైతే మనమెవరో ఎరగనట్టు ముఖం పెడుతుంది. అందుకని నాలుగు డిస్కుల మూతుల మీదా స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసుకున్నాను. అంత ముందుచూపు నాది.

పెట్టె వచ్చాక నాకు కొంచెం కళ్ళు నెత్తికెక్కాయి. అంతకుముందు పెళ్ళి తీశాక కెమెరా కార్డుల్ని రెండు నెలలు బీరువాలో దాచేవాణ్ణి. ఇప్పుడు పెట్టెలోకి ఎక్కించిన రోజే కార్డులు చెరిపేసి మర్నాటి ఫంక్షనుకి వాడుకోవడం మొదలుపెట్టాను. నాలుగు డిస్కులు కాపలా ఉండగా ఇంకా ఈ పిరికితనం దేనికనుకున్నాను.

భాద్రపదంలో ముహూర్తాలు లేక నేను ఈగలు తోలుకుంటుంటే ఒక నిఖా తీసే పని వచ్చింది. పెళ్ళికూతురి తండ్రి లారీ డ్రైవరు, గరికపాడు దగ్గరుంటాడు. పెళ్ళికి నాలుగు రోజుల ముందే వచ్చేయొచ్చని ధైర్యంగా అస్సాం లోడు వేసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు కొండ విరిగి రోడ్డు మీద పడింది. ముందూ వెనకా లారీలు, మధ్యలో ఆయన. పెళ్ళికొడుక్కి ఉన్న సెలవు అంతంతమాత్రం, పెళ్ళి ఆపడానికి లేదు.

ఆయన లేకుండానే జరిగింది. పిల్ల మేనమామ ఫోన్లో వీడియో కాల్ పెట్టి పట్టుకున్నాడు. ఐదు నిమిషాలు నడిచిందో లేదో అవతల సిగ్నల్ పోయి, ఆయన ముఖం నోరు తెరుచుకుని అలాగే తెర మీద ఆగిపోయింది. ఆ మేనమామ ఫోను దించితే ఒట్టు. పెళ్ళి అయ్యేదాకా దాన్ని పైకెత్తి పట్టుకుని నా కెమెరాకి అడ్డం తిరుగుతూనే ఉన్నాడు. ఎక్కడ ఫ్రేము పెట్టినా మూల నుంచి ఆ ఫోను దూరేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎడిటింగులో నిన్ను ముక్క మిగలకుండా కోసేస్తా చూడు అని మనసులో అనుకుని, చివరికొచ్చేసరికి విసుగుపుట్టి కెమెరాని స్టాండుకి బిగించి భోజనానికి వెళ్ళిపోయాను.

తండ్రి మూడు రోజుల తర్వాత ఊరు చేరాడు. అప్పటికే పిల్ల అత్తారింటికి వెళ్ళిపోయింది. తిన్నగా మా స్టూడియోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కసారి మొత్తం చూస్తా సార్. కట్ చెయ్యకుండా. పెళ్ళెట్టా జరిగిందో మా ఇంటోళ్ళు చెప్తన్నారు గానీ, చెప్తే ఏం తెలుస్తది?"

ఆ రోజే మళ్ళీ లోడుందట. దసరా మర్నాడు పొద్దున పదింటికి వచ్చి కూర్చుంటానని, మధ్యాహ్నం మళ్ళీ బండి ఎక్కాలని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ "భద్రంగా ఉందిగా సార్?" అన్నాడు.

అడక్క అడక్క ఆ మాట అడిగాడు. ఆయన్ని బల్ల దగ్గర వంగోబెట్టి పెట్టె చూపించి, బావ చెప్పిన ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నాలుగూ ఈ పెట్టెలోనేనా సార్?"

"ఆ, ఇందులోనే."

"మా బండిక్కూడా స్టెప్నీ టైరుంటది సార్. కాకపోతే అది బండికే కట్టుంటది. బండి లోయలో పడితే స్టెప్నీ కూడా లోయలోకే."

లారీలకీ కంప్యూటర్లకీ తేడా ఉంటుందండీ అని నవ్వి పంపించాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దసరాకి మా ఇంట్లో పనిముట్లన్నిటికీ కలిపి ఒకే పూజ. నా రెండో కెమెరా బావ దగ్గరుంటే, అదీ పూజలో ఉండాలని తేవడానికి పొద్దున్నే నందిగామ బయల్దేరాను. నేల కడుగుతారు కదా అని పెట్టె ఆపేసి వైర్లన్నీ పీకి, "అమ్మా, నేనొచ్చేలోపు అన్నీ తుడిచి బొట్లు పెట్టెయ్. ఒక్కటి కూడా వదలమాక" అని చెప్పి మరీ వెళ్ళాను. ఈ వాక్యం నాదే. తర్వాత ఎన్నిసార్లు తిరగేసి చూసినా నాదే.

తిరిగొచ్చేసరికి స్టూడియో కళకళలాడుతోంది. కెమెరాలకి, లైట్లకి, స్టాండ్లకి, మౌసుకి, చివరికి నేను కూర్చునే కుర్చీకి కూడా బొట్లు. నల్ల పెట్టెకి బంతిపూల దండ. బాగుందే అనుకుంటూ అరిటాకు వైపు చూశాను. దాని మీద నాలుగు డిస్కులు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఒక్కోదాని మూతి మీద ఒక్కో కుంకుమ బొట్టు. అంకెలు లేవు.

"అమ్మా! వాటినెందుకు బయటికి తీసావ్?"

"నువ్వేగా ఒక్కటి కూడా వదలొద్దన్నావ్. పెట్టెకి బొట్టు పెట్టి లోపలున్నవాటిని వదిలేస్తే ఎట్టా? ఆ పిడి నొక్కితే వాటంతటవే వచ్చినయ్. ఎంత దుమ్మో! మూతుల మీద ఎవరో పిచ్చి గీతలు కూడా గీసారు. కొబ్బరినూనె రాసి తుడిస్తే పోయినయ్."

"ఏది ఏ గూట్లోదో గుర్తుందా?"

"నాలుగూ ఒక్కలాగే ఉన్నయ్ కదరా. ఆకు మీద అందంగా అటూ ఇటూ మార్చి సర్దా."

చెయ్యి చాపబోయాను. మా అమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. పూజలో పెట్టినవి మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. నేను అరిచాను. పండగ పూట ఆ గొంతేంటని ఆవిడ నాకన్నా గట్టిగా అరిచింది. ఆ రోజు పులిహోర తిన్నానన్న మాటే గానీ ఉప్పుందో లేదో తెలియలేదు.

మర్నాడు ఎనిమిదింటికి మా అమ్మ దేవుడికి దణ్ణం పెట్టి, ఆకు కాస్త పక్కకి జరిపి, ఇంక తీసుకోమంది. లోపలికి పొడి రాలుతుందేమోనని బొట్లు తుడవబోయాను. నా మణికట్టు పట్టుకుంది.

"పూజ బొట్టు తుడిస్తే ఊరుకోను."

"ఇది మిషనమ్మా, ముత్తైదువ కాదు!"

"ఏదైతే ఏంది? తుడవమాక."

ఆవిడతో వాదించే ఓపిక లేక, పళ్ళు కొరుక్కుంటూ బొట్లతోనే నాలుగూ పెట్టెలోకి తోశాను. ఆకు మీద ఉన్న వరసలోనే పెట్టి స్విచ్చి వేశాను. నాలుగు దీపాలూ ఎర్రగా వెలిగాయి. పెట్టె పిచ్చుకపిల్లలా కీచుకీచుమంది. కంప్యూటరు మాత్రం చాలా మర్యాదగా, కొత్త డిస్కులు కనిపిస్తున్నాయి, మొదటి నుంచీ సిద్ధం చెయ్యమంటారా అని అడిగింది.

బావకి ఫోన్ చేశాను. "ఎస్ కొట్టెయ్ బావా, ఏముంది" అన్నాడు.

ఎందుకో చెయ్యి ఆడలేదు. అట్టపెట్టెలో వెతికితే పెట్టెతో వచ్చిన కాగితాలు దొరికాయి. ఎస్ కొడితే ఉన్నదంతా చెరిగిపోతుందని అందులో లావు అక్షరాల్లో ఉంది. అది చదివి వినిపించాక బావకి చెప్పాల్సినవి కూడా కొన్ని చెప్పాను. ఆయనేం నొచ్చుకోలేదు.

"అయితే మార్చి మార్చి పెట్టు బావా. నాలుగంటే ఎంత, ఇరవై నాలుగు రకాలు. అంతేగా!"

అలా మార్చి మార్చి పెట్టొద్దని కూడా ఆ కాగితాల్లోనే ఉంది. తప్పు వరసలో ఉండగా పెట్టె తనంతట తాను మరమ్మతు మొదలుపెట్టిందంటే ఇక దేవుడు కూడా వెనక్కి తేలేడట. పెట్టె ఆపేసి నేల మీద కూలబడ్డాను. కార్డులు ఎప్పుడో చెరిపేశాను. వాటి మీద ఇప్పుడు చందర్లపాడు గృహప్రవేశంలో ఒక ఆవు మెట్లెక్కనని మొరాయిస్తోంది. ఆ పెళ్ళి ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

అప్పుడు తొమ్మిదిన్నర. డ్రైవరు గారు అరగంట ముందే వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, అత్తరు వాసన, చేతిలో స్వీట్ల పొట్లం. అచ్చం పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు.

"కాస్త టైం పడుద్దండి" అన్నాను, ఆయన ముఖంలోకి చూడకుండా.

"పర్లేదు సార్. ఆ కొండ కింద ఐదు రోజులు కూర్చున్నా, ఇదో లెక్కా" అని ప్లాస్టిక్ కుర్చీ తెర ముందుకి జరుపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇంకా ఏమీ లేని ఆ నల్ల తెర వైపే చూస్తున్నారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నిజం చెప్పలేక మళ్ళీ పెట్టె ముందు నేల మీదే కూర్చున్నాను.

మా అమ్మ ఆయనకి టీ తెచ్చింది. నేను నేల మీద ఎందుకున్నానో చూద్దామని వంగి, పెట్టె వైపు చూసి ముఖం చిట్లించింది.

"అదేంట్రా, లేత బొట్టుదాన్ని తీసుకెళ్ళి పైన పెట్టావ్? అది అడుగుది కదా."

"నిన్న గుర్తులేదన్నావుగా!"

"నువ్వు అరిస్తే ఏం గుర్తుంటది? పైనుంచి ఒక్కోటే తీసి, తుడిచి, బొట్టు పెట్టి, ఆకు మీదకి చేర్చా. తడి కుంకుమలో వేలు ఒక్కసారే అద్దా. మొదటిది ముదురుగా వచ్చింది, పోనుపోను పలచనైంది."

"నాలుగింటికీ ఒక్కసారే ఎందుకద్దావ్?"

"నాలుగూ కలిపి ఒకటేనని నువ్వేగా ఊరందరికీ చెప్తావ్!"

నేను ఆ పెట్టె గురించి ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. నమ్మి ఆచరించింది మా అమ్మ ఒక్కతే.

డిస్కులు మళ్ళీ బయటికి లాగాను. అన్నిటికన్నా ముదురుది తేలిగ్గానే దొరికింది, అన్నిటికన్నా లేతదీ దొరికింది. మధ్య రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఇక దాచలేక డ్రైవరు గారికి సంగతంతా చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ఆ రెండు డిస్కుల్నీ చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గుమ్మంలో ఎండలోకి తీసుకెళ్ళారు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. రోడ్డు మీద పోయేవాళ్ళు ఏం జరిగిందోనని ఆగి మరీ చూశారు.

"ఇది ముదురు సార్" అన్నారాయన చివరికి.

"నిజంగానా?"

"రేత్రుళ్ళు మంచులో ముందు బండి ఎర్ర లైటు చూసి, ఎంత దూరంలో ఉందో చెప్పే కళ్ళు సార్ ఇవి."

మా అమ్మ కూడా అవునంది. ముదురు నుంచి లేతకి, పైనుంచి కిందికి నాలుగూ పెట్టి, కళ్ళు మూసుకుని స్విచ్చి వేశాను. కీచుమనలేదు. కళ్ళు తెరిస్తే నాలుగు బొట్ల పక్కన నాలుగు పచ్చ దీపాలు.

ముందు చేసిన పని, బీరువాలో వాడకుండా పడున్న ఒక కొత్త డిస్కు తగిలించి ఆ పెళ్ళిని అందులోకి ఎక్కించడం. మా అమ్మ దానికీ బొట్టు పెట్టింది, ఈసారి వేలు కొత్తగా అద్ది. "ఇది వేరే కదా, స్టెప్నీని లారీలో కాకుండా ఇంట్లో పెట్టినట్టు" అని డ్రైవరు గారి చేతికిచ్చాను. అప్పుడు నేను నవ్వినట్టు ఆయన నవ్వలేదు. నన్ను ఆయన అలా మన్నించారు.

తర్వాత సినిమా వేశాను. కోతల్లేవు, మొత్తం మూడు గంటలు. ఆయన కుర్చీకి వీపు ఆనించలేదు. వంటవాడితో తన బావమరిది గొడవపడే చోట నవ్వారు. ఆ తర్వాత ఒకచోట ముందుకి వంగి, తెర మూల వేలు పెట్టి చూపించారు.

"అది నేనే కదా సార్?"

ఫోను. నోరు తెరుచుకుని ఆగిపోయిన ముఖం. మేనమామ చేతిలో, ప్రతి ఫ్రేములోనూ. ముల్లా గారు చదువుతుంటే ఉంది, భోజనాల దగ్గర ఉంది, పెద్దవాళ్ళు ఖర్జూరాలు చల్లుతుంటే కొన్ని ఫోను మీద కూడా పడ్డాయి. నేను ముక్క మిగలకుండా కోసేద్దామనుకున్నది దాన్నే.

"కాల్ కట్టయిందనుకున్నా సార్. నేను చివరిదాకా ఉన్నా" అన్నారు.

ఆఖర్న పిల్ల కారెక్కబోయే ముందు, నేను భోజనానికి పోగా స్టాండు మీది కెమెరా తనంతట తాను తీసిన చోట, ఆ అమ్మాయి మేనమామ చేతిలోంచి ఫోను తీసుకుంది. కదలని ఆ ముఖాన్ని దగ్గరికి పెట్టుకుని, "నాన్నా, అన్నం తిన్నావా?" అని అడిగింది.

"తిన్నా తల్లీ" అన్నారాయన, తెరతో.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అమ్మ పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కడ తిన్నారండీ, పొద్దుటి నుంచి ఆ టీ చుక్క తప్ప" అంటూ లోపలికి వెళ్ళి ఆయనకి అన్నం వడ్డించుకొచ్చింది.