స్వామీ అని పిలిచాను

నన్ను ఎవరైనా మంచివాడంటే ఒళ్లు కంపరమెత్తుతుంది. చాలా ఏళ్లుగా ఇదే వరస. మా ఆవిడకు చెప్పలేదు. గుళ్లో చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే ఈ బరువు మీ ముందు దించుతున్నాను. మోయమని కాదు. ఊరికే వినమని.

నారాయణగూడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, విద్యార్థుల వ్యవహారాలు కూడా నేనే చూసేవాణ్ణి. హాస్టల్ గొడవలు, ర్యాగింగ్ ఫిర్యాదులు, ప్రేమ బెడిసికొట్టి తిండి మానేసినవాళ్ల బుజ్జగింపులు, అన్నీ నా గదికే వచ్చేవి. అశోక్‌నగర్‌లో ఇంటికి చేరేసరికి పాప నిద్రపోయి ఉండేది. మా ఆవిడ కంచం పెట్టి, గిన్నెల మీద మూతలు తీసి, అవతలి గదిలోకి వెళ్లిపోయేది. నాలుగు తిట్టినా బాగుండేది.

పాప అప్పుడు చాలా చిన్నది. జ్వరం వస్తే ఫిట్స్ వచ్చేవి. ఒకసారి హైదర్‌గూడ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే నా ఒళ్లోనే కళ్లు తేలేసింది. ఆ ఆటోలోనే మొక్కుకున్నాను. పాపకు తగ్గిపోవాలి, అయ్యప్ప మాల వేసుకుంటాను.

వేసుకున్నాను. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, కటికనేల మీద నిద్ర, చెప్పుల్లేని నడక. కోపం తెచ్చుకోకూడదు. ఎవర్నీ నొప్పించకూడదు. మాలలో ఉన్నవాడు ఎంత చిన్నవాడైనా ‘స్వామీ’ అనే పిలవాలి. చిక్కడపల్లిలో ఒకాయన మేడ మీద పీఠం పెట్టారు. పొద్దుగూకేసరికి అక్కడికి పూజకు వెళ్లాలి కనుక కాలేజీ నుంచి వేళకు బయటపడే వీలు దొరికింది. దీక్షలో ఉన్నవాణ్ణి ఆపేదెవరు?

నిజం చెప్పనా? నా జీవితంలో హాయిగా గడిచినవి ఆ రోజులే. పూజయ్యాక ఇంటికెళ్తే పాప మేలుకునే ఉండేది. గడ్డం గుచ్చుకుంటోందని కిలకిలా నవ్వేది. ఫిట్స్ రాలేదు. మా ఆవిడ మళ్లీ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. స్టాఫ్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ గారు, ఉద్యోగం, సంసారం, దైవం మూడింటినీ ఎలా నెట్టుకురావాలో నన్ను చూసి నేర్చుకోమన్నారు. తల వంచుకుని వినయంగా నవ్వాను. లోపల ఎంత పొంగిపోయానో.

ఆ వారంలోనే నా గదికి ఒక అబ్బాయి వచ్చాడు. పేరు రాయను, ఆ హక్కు నాకు లేదు. పాలమూరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో చేరినవాడు, మొదటి సంవత్సరం. ఎడమ చెవి వాచి ఎర్రగా కందిపోయింది. ఒక సీనియర్ రోజూ తన బట్టలు ఉతికిస్తున్నాడని, ఉతకనన్నందుకు కొట్టాడని చెప్పాడు. మాట తడబడలేదు. రేపు ఇద్దర్నీ పిలిచి మాట్లాడతానన్నాను.

మర్నాడు ఆ సీనియర్ నల్లబట్టల్లో దిగాడు. మెడలో కొత్త మాల, నుదుట విభూతి. వస్తూనే నా కాళ్లకు దండం పెట్టాడు. నా నోట అలవాటుగా వచ్చేసింది, “కూర్చోండి స్వామీ” అని.

అబ్బాయి నిలబడే ఉన్నాడు. అతణ్ణి కూర్చోమనలేదని నాకు చాలా రోజుల తర్వాత గానీ తట్టలేదు.

“తెలిసో తెలియకో ఏమన్నా తప్పు చేసుంటే క్షమించండి స్వామీ” అన్నాడు సీనియర్, నాతో. కొట్టించుకున్నవాడితో కాదు.

నేను అబ్బాయి వైపు తిరిగాను. “చూడు నాయనా, ఆయన మాలలో ఉన్నారు. క్షమించమని అడుగుతున్నారు కదా. నువ్వూ ఏదో పొరబడి ఉంటావు. ఇక్కడితో వదిలేయ్.”

“నేనేం పొరబడలే సార్. జర నా చెవి చూడుండ్రి.”

“చూశాను.”

“నిన్న ఈయన్ను పేరు వెట్టి అన్నరు. ఇయాల స్వామి అంటున్నరు.” సీనియర్ మెడలోని మాల వైపు చూశాడు. “నేను గూడ మాలేసుకుంటే నా మాట ఇంటరా సార్?”

దేవుడితో వేళాకోళం వద్దన్నాను. దీక్షలో ఉన్నాను కనుక మెత్తగానే అన్నాను.

ఆ ఫిర్యాదు ఆ రోజే కాలేజీ ర్యాగింగ్ నిరోధక కమిటీకి పంపాలి. అది నా పని. పంపితే సీనియర్ సస్పెండ్ అయ్యేవాడు, వాళ్ల నాన్న వచ్చి గొడవ చేసేవాడు, విచారణలు రోజూ రాత్రిదాకా సాగేవి. పూజ పోయేది, ఇంట్లో నవ్వు పోయేది. పైగా మాలలో ఉన్నవాణ్ణి ఏడిపిస్తే పాపకు ఫిట్స్ తిరగబెడతాయేమోనన్న భయం. నిజంగా భయపడ్డానా? లేక భయం ఉంటే నాకు వీలుగా ఉంటుందని దాన్ని ఉండనిచ్చానా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతాను. ఒకటి మాత్రం నాకు తెలుసు. ఆ మాల ఫిర్యాదు అందాక వేసుకున్నది. అది భక్తి కాదని కొత్త మాలను చూడగానే అర్థమైంది. అర్థమయ్యే స్వామీ అన్నాను.

అబ్బాయి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. కొన్నాళ్లకు వాళ్లమ్మ వచ్చి టీసీ అడిగింది. “మావోనికి ఈడి నీళ్లు పడ్తలేవు సార్. కాచిగూడల రైలెక్కి పోతం” అంది. ఏమీ చెప్పలేదన్నమాట ఆమెకు. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని చెప్పి సంతకం పెట్టాను. ఆమె నాకు దండం పెట్టింది. మళ్లీ ఎక్కడైనా చేరాడో, చదువే మానేశాడో తెలియదు. కనుక్కోవడం కష్టమేం కాదు. కనుక్కోలేదు.

పాపకు మళ్లీ ఫిట్స్ రాలేదు. వయసుతో పాటు తగ్గిపోతాయని డాక్టరు ముందే చెప్పాడు. మా ఆవిడ మాత్రం అదంతా నా దీక్షాఫలం అంటుంది, వచ్చినవాళ్లందరితో చెబుతుంది. నేను పక్కనే కూర్చుని వింటాను. ఏటా మాల వేసుకోమంటే మోకాళ్ల నొప్పులంటాను. పాప నవ్వినప్పుడు నాకు నిండుగా సంతోషం రాదు. ఇందులో ఆ పిల్ల తప్పేముంది? అయినా రాదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. మంచివాడన్న ముసుగులో ఇన్నేళ్లు దాచుకున్న మాట ఒకటుంది. పొరబడి ఉంటావని అతని మొహం మీదే అన్నాను కదా, అది పచ్చి అబద్ధం. తలుపు దగ్గర నిలబడి మొదటి మాట చెప్పినప్పుడే ఆ అబ్బాయిని నమ్మాను. నమ్మి కూడా పంపించేశాను.

అమ్మయ్య. అనేశాను.