ఎనిమిది అడుగుల నీళ్ళలో కరుణ

శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఆడవాళ్ళ గంట. మూడు దాటితే పిల్లల బ్యాచ్ దిగుతుంది. రెండూ ఇరవై ఐదుకు, బెంగుళూరు మహదేవపురలోని ఆ ఈతకొలనులో ఎనిమిది అడుగుల లోతు వైపు నిచ్చెన పట్టుకుని కరుణ చుడీదార్‌తోనే నీళ్ళలోకి దిగింది. ఒంటిమీది బట్టలతోనే దిగాలని షరతు. పది నిమిషాలు నీళ్ళ మీద ఉండాలి. గట్టు ముట్టుకోకూడదు, తాడు పట్టుకోకూడదు. నిలబడినా, ఈదినా, ఏం చేసినా మునగకుండా ఉంటే చాలు. ఈత నేర్పే గురప్ప సమయం చూసి కాగితం మీద సంతకం చేస్తాడు. ఆ కాగితం సాయంత్రం ఆరులోపల గ్రెనడా దీవికి చేరాలి.

చేరకపోతే పడవ ఇంకో కుటుంబానికి పోతుంది.

కరుణది కదిరి దగ్గర పల్లె. అక్కడ నీళ్ళంటే బిందెలోవి, లేకపోతే ట్యాంకరువి. మనిషి మునిగేంత నీళ్ళు ఆమె ముప్పై ఏళ్ళు దాటేదాకా చూడలేదు. పెళ్ళయ్యాక కాడుగోడి స్టేషను వెనక వీధిలో నాలుగంతస్తుల ఇల్లు లీజుకు తీసుకుని పీజీ హాస్టలు పెట్టింది. పన్నెండేళ్ళుగా నలభై రెండు మందికి వండి పెడుతోంది. భర్త జాన్ నిజాంపట్నం రేవులో పుట్టి పెరిగినవాడు. ఓడల్లో పనిచేసి, మూడేళ్ళ కిందట కరీబియన్ దీవుల్లో తెరచాప పడవల మీదికి మారాడు. ఇంటికి ఒక్కసారే వచ్చాడు.

ఇప్పుడు హెలెన్ అనే ఆవిడ తన పడవను అతని చేతికిస్తానంది. కుటుంబమంతా పడవలోనే కాపురం ఉండాలి. అతను పడవ నడపాలి, భార్య వంట చేసి, డబ్బిచ్చి విహారానికి వచ్చే అతిథులను చూసుకోవాలి. శనివారం ఆరుగురు ఎక్కుతారు, మళ్ళీ శనివారం దిగిపోతారు. పదకొండేళ్ళ లిడియా చదువు ల్యాప్‌టాప్‌లో. జాన్ ఫోనులో పడవ వంటగది చూపించాడు. ఆటో వెనక సీటంత ఉంది. కరుణ దానికి భయపడలేదు.

భయపడాల్సింది ఇంకో చోట వచ్చింది. హెలెన్ వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ అడిగింది. కారం లేకుండా చేపలు వండగలరా? వండగలను మేడమ్. బ్రెడ్డు? చేస్తాను మేడమ్. ఈత వచ్చా? వచ్చు మేడమ్.

పీజీలో ఎవరు ఏది అడిగినా కరుణ ముందు ఉందనే అంటుంది. గుజరాతీ వంట వస్తుందా అంటే వస్తుందంటుంది, ఆ రాత్రికి నేర్చుకుంటుంది. ఆ అలవాటే నోట్లోంచి వచ్చేసింది. అయితే ఈత నేర్పేవాళ్ళ చేత పరీక్ష పెట్టించి, సంతకం చేసిన కాగితం పంపమంది హెలెన్. మరుసటి రోజు పొద్దున్నే గురప్ప దగ్గర చేరింది. అది జరిగి ఐదు వారాలు.

మొదటి రెండు నిమిషాలు బాగానే గడిచాయి. సైకిలు తొక్కినట్టు కాళ్ళాడిస్తూ, చేతులతో నీళ్ళు తోస్తూ నిలిచింది. మూడో నిమిషంలో నిచ్చెన దగ్గర ఒకావిడ జారబోతే అటు తిరిగి చూసింది. నాలుగో నిమిషంలో ఎవరిదో ఫోను మోగితే అటు. ఐదు దాటాక గట్టు మీద లిడియా సంచిలో ఏదో వెతుకుతూ కనబడింది.

"టవల్ అడుగున ఉండాది లిడియా, కింద చూడు!"

ఆ అరుపుతో నోట్లోకి నీళ్ళు పోయాయి. దగ్గు వచ్చింది, కాళ్ళు ఆగాయి. తేరుకునేసరికి ఆమె రెండు చేతులూ తాడు మీద ఉన్నాయి.

"ఐదు నిమిషాల నలభై సెకన్లు," అన్నాడు గురప్ప.

యాభై ఎనిమిదేళ్ళవాడు. తాతల కాలంలో హిందూపురం నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడ్డ కుటుంబం. కరుణను చెయ్యి పట్టి గట్టు మీదికి లాగి కూర్చోబెట్టాడు.

"ఏమ్మా, నువ్వు ఈదను వచ్చినావా, పీజీ నడపను వచ్చినావా?"

"ఇంకోసారి దిగుతా అన్నా."

"కాళ్ళు చూడు ఎట్ల వణుకుతాండాయో. స్వల్ప సేపు ఊపిరి తీసుకో." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాగితం ఇట్లియ్యి. రాసిస్తా. ఐదు వారాలు నా కండ్ల ముందరనే కష్టపడితివి. అంత దూరం నుంచి ఎవరు చూడొస్తారు?"

కరుణ చుడీదార్ కొస పిండుకుంది. లిడియా ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "నాన్న, మమ్మీ."

అక్కడ ఇంకా తెల్లవారలేదు. జాన్ వెనక తెరచాప కొయ్యకు తాళ్ళు తగిలి టిక్కుటిక్కుమంటున్నాయి.

"అయిపోయిందా?"

"లేదు. సగంలోనే తాడు పట్టుకున్యా." అంది కరుణ. "గురప్పన్న సంతకం పెడతానంటాడు."

"పెట్టించుకో మరి. ఇక్కడికొచ్చాక నేను నేర్పుతాను కదా. పీజీ ఇచ్చేశాం, స్కూల్లో పిల్ల టీసీ తీసేసుకున్నాం. ఇప్పుడు కాదంటే ఎక్కడికెళ్తాం చెప్పు?"

అందులో అబద్ధం లేదు. నెలాఖరుకు పీజీ వదిన మార్త చేతికి పోతుంది.

"లిడియా నాన్నా, పోయిన నెల ఒక పెద్దాయన మెట్టు జారి సముద్రంలో పడితే నువ్వు దూకినానంటివే."

"ఆ."

"నువ్వు దూకినాక పడవ మీద ఎవరుండిరి?"

"ఎవరున్నారు? అందుకేగా ఇంకో మనిషి కావాలంటున్నారు."

"ఆ మనిషిని నేనే కదా. నువ్వు ఆ కొసన తాళ్ళు కట్టుకుంటా ఉండి, ఈ కొసన నీ కూతురు పడితే నేనేం చేయాల? పైనుంచి కాఫీ అందియ్యాల్నా?"

కరుణ ఫోను లిడియాకు ఇచ్చేసింది. గోడ గడియారంలో రెండూ నలభై.

"అన్నా, దిగుతా."

గురప్ప గట్టు మీది వెదురు కర్ర చూపించాడు. "ఆయ్తు, సరే. ఐతే ఈతూరి నిలబడొద్దు. పండుకో. చెవులు నీళ్ళలో మునగల్ల. నువ్వు అందర్నీ చూసేదానికి తల ఎత్తతాండావు, తల ఎత్తితే కాళ్ళు కిందికి పోతాయి. పది అయినాక ఈ వెదురు కర్ర నీ మొహం మీద చూపిస్తా. అది కనబడేదాకా నువ్వెవరికీ ఏమీ కావు."

వెల్లకిలా తేలడం ఆమె ఎప్పుడూ నిమిషం దాటి చేయలేదు. చెవుల్లోకి నీళ్ళు పోగానే లేచేది. పీజీలో మధ్యాహ్నం నడుం వాల్చినా గది తలుపు తెరిచి, ఒక చెవి మెట్ల వైపు ఉంచుకునే అలవాటు ఆమెది.

నీళ్ళలోకి దిగి వెనక్కి వాలింది. చెవులు మునగగానే కొలను శబ్దమంతా ఆగిపోయి, తన ఊపిరి ఒక్కటే పెద్దగా వినబడసాగింది. పైన రేకుల కప్పు. ఒక రేకుకు తుప్పు పట్టిన బోల్టు. కరుణ చూపు దాని మీదే నిలిపింది. ఊపిరి పీల్చితే ఒళ్ళు కొద్దిగా లేస్తోంది, వదిలితే దిగుతోంది. ఎంతసేపైందో తెలియలేదు.

ఉన్నట్టుండి నీళ్ళు కదిలాయి. పిల్లల బ్యాచ్ ముందే వచ్చేసింది. అవతలి కొసన ఒకరి తర్వాత ఒకరు దుముకుతున్నారు. అల వచ్చి మొహం మీదుగా పోయింది. ముక్కులో మంట. దగ్గింది. నడుము కుంగింది, పాదాలు కిందికి జారాయి. చేతులు రెండూ వెడల్పుగా చాపి గడ్డం పైకెత్తింది. ఇంకో అల. నోరు మూసుకుంది. నడుము నెమ్మదిగా పైకి వచ్చింది.

కంటి చివర గట్టు మీద లిడియా కనబడింది. వంగి చేతులూపుతోంది. పెదాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. కరుణ మెడ బిగుసుకుంది. ఒక్కసారి తల ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. ఒక్క క్షణం. తడిసిన ప్యాంటు బరువు రెండు కాళ్ళనూ కిందికి లాగుతోంది.

మళ్ళీ బోల్టు వైపే చూసింది. కర్ర రాలేదు. పది ఎప్పుడో దాటిపోయి ఉంటుందని, గురప్ప మరిచిపోయాడని అనిపించింది. అయినా కదలలేదు.

కర్ర వచ్చింది.

నిచ్చెన ఎక్కడానికి ఆమెకు రెండు ప్రయత్నాలు పట్టాయి.

"పది నిమిషాల పన్నెండు సెకన్లు," అన్నాడు గురప్ప.

"పన్నెండు ఎందుకన్నా ఎక్కువ?"

"కర్ర పిల్లోళ్ళు ఎత్తుకపోయిండ్రి. వాళ్ళ దగ్గర పీక్కొచ్చేలోపల పన్నెండాయ."

"నా ప్రాణం పోతాండె అన్నా ఆడ!" అంది కరుణ. తర్వాత లిడియా వైపు తిరిగింది. "నువ్వెందుకే చేతులూపితివి?"

"నాన్న వీడియో కాల్‌లో ఉన్నాడు మమ్మీ. నువ్వు నీళ్ళ మీద పడుకుంటే నమ్మలేదు. హాయ్ చెప్పించమన్నాడు."

కాగితం మీద గురప్ప సంతకం పెట్టాడు. కింద కరుణ నింపాల్సిన గడి ఒకటి మిగిలింది. ఈత వచ్చి ఎంతకాలమైంది? ఫోనులోంచి జాన్, "పదేళ్ళని రాసెయ్," అన్నాడు. కరుణ ఐదు వారాలు అని రాసింది.

"అలా రాస్తే వాళ్ళు ఏమనుకుంటారే?"

"రాసేసినా."

కాగితం ఫొటో తీసి నాలుగు లోపల పంపారు.

జవాబు ఏడుకు వచ్చింది. కరుణ పీజీలో చపాతీలు కాలుస్తోంది. లిడియా చదివి చెప్పింది. రావచ్చట. వచ్చే నెల పద్నాలుగున టికెట్లు. అయితే మొదటి నెల కరుణ అతిథులతో పడవ పైన ఒంటరిగా ఉండకూడదు. నెల తర్వాత సముద్రంలో మళ్ళీ పరీక్ష, హెలెన్ ముందర.

"మళ్ళీనా?" అంది మార్త, పిండి ముద్ద పక్కన పెట్టి. "ఈడ తొట్టిలోనే నీళ్ళు మింగితివి గదా!"

కరుణ చపాతీ తిప్పి వేసి, తడి చెయ్యి తుడుచుకుని గురప్పకు ఫోను చేసింది.

"అన్నా, రేపు రమ్మంటావా?"

"రేపెందుకమ్మా? అయిపాయ కదా."

"కాలేదన్నా. దూకేది నేర్పల్ల."