దీపానికి తెచ్చిన ఆముదం

డెబ్బైలలో ఒక ఎండాకాలం. నాకు పదహారేళ్ళు. ఆళ్ళగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం కూర్చున్నాను. గాలి లేచినప్పుడల్లా దుమ్మంతా నా ఉంగరాల జుట్టులోనే దూరుతోంది. దువ్వెన నడినెత్తిన పెట్టి కసిగా కిందికి లాగుతున్నాను. పళ్ళ నిండా తెగిన వెంట్రుకలే. నంద్యాలలో పిన్ని ఇంటికి చేరగానే కత్తెర అడిగి మెడ దాకా కత్తిరించి పారేద్దామనుకున్నాను.

పక్కన కూర్చున్న ముసలామె నా చేతిలోంచి దువ్వెన లాక్కుంది.

"ఏంది పాపా ఆ పీకుడు? గడ్డి అనుకుంటివా? ఇట్ల తిరుగు."

సంచిలోంచి ఆముదం సీసా తీసింది. మహానందిలో దీపానికి తీసుకుపోతున్నానని ఆమె ఇంతకుముందే ఎవరితోనో అంటుంటే విన్నాను.

"మేము చర్చికి పోయేవాళ్ళం అవ్వా. అది దేవుని నూనె కదా" అన్నాను.

"నీ తల దేవుడు చేసింది కాదా? కదలాకు."

దువ్వెన పక్కన పెట్టేసింది. నూనె వేళ్ళతో కొసల దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పైకి వచ్చింది. బిగుతుగా జడ అల్లి, దుమ్ము పడకుండా నా ఓణీ తలమీదికి లాగింది. అప్పటికి సీసాలో సగమే మిగిలింది. దాన్ని ఎత్తి చూసుకుని నవ్వింది.

"దీపం రోంత ముందే కొండెక్కుతాది. ఏం గాదులే."

పిన్నిని కత్తెర అడగలేదు. ఇప్పుడు నా మనవరాలి జుట్టూ ఉంగరాలే. చిక్కు కొసల నుంచే విప్పుతాను. మా ఇంట్లో దీపం పెట్టే అలవాటు లేదు గానీ, ఆముదం సీసా మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంటుంది.