తరుగు లేదని రాసినవాడు

జక్రయ్య ఎనిమిది గ్రాముల కోసం పిల్లల ఆట చెడగొట్టాడని మా ఊళ్ళో ఇప్పటికీ అంటున్నారు. టీ కొట్టు దగ్గర అంటున్నారు, చర్చి మెట్ల మీద అంటున్నారు. మొన్న స్కూలుకి ఆటోలో వెళ్తుంటే, పత్తి తీతకి పోయే ఆడవాళ్ళు నా ముందే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దిగేదాకా వాళ్ళతో పోట్లాడాను, అయినా కోపం తీరలేదు. ఆ రోజు కాటా పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నది నేను. ఏం జరిగిందో నా రెండు కళ్ళతో చూశాను. చూసింది చూసినట్టు చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి నేనే రాస్తున్నాను.

జక్రయ్య బాబాయ్ వయసు అరవైకి దగ్గర. మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి పల్లె. వయసులో ఉన్నప్పుడు ఆయన జయపాల్ గారి మిరప కొట్టులో హమాలీ. ఒకసారి లారీ మీద నుంచి జారిపడి తుంటి విరిగింది. ఆ తర్వాత బరువులు మోయలేక అదే కొట్టులో కాటా మనిషిగా నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళు నిలబడ్డాడు. సెంటు భూమి లేదు. వంగి పత్తి తీయలేడు, మిరప కోతకి పొద్దస్తమానం కూర్చోలేడు. కాటా పని పోతే ఆయనకి మా ఊళ్ళో ఇంకో పని లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు, జయపాల్ గారికి అందరికంటే బాగా తెలుసు.

మిరప తూకం చూడనివాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. దాన్ని కాటా మీద పెడితే నలభై ఒకటిన్నర కిలోలు కనిపిస్తుంది. కాటా మనిషి “నలభయ్” అని కేక వేస్తాడు. గుమస్తా నలభై అని రాసుకుంటాడు. ఆ కిలోన్నర తరుగు. గోతం బరువంటారు, తేమ అంటారు, మట్టి అంటారు. రైతు అక్కడే నిలబడి అంకె చూస్తాడు, కేక వింటాడు, తలకాయ ఊపుతాడు. ఒకసారి కేక పడిందంటే అదే బరువు, మళ్ళీ తూయమని అడగడం కొట్టు మర్యాద కాదు. కళ్ళెదుట జరిగే దోపిడీని మర్యాద అనుకుని బతుకుతున్నాం మేము.

మా చర్చి సంఘం యూత్ పిల్లల చెక్కబండ్ల పందెం బాబాయ్ పెట్టిందే. మే నెలలో కొట్టుకి పెద్దగా పనుండదు, పిల్లలకి స్కూలుండదు. ఖాళీగా తిరిగి ఫోన్లు చూసుకుంటున్నారని వాళ్ళని కూర్చోబెట్టి రంపం పట్టడం, ఉలి పట్టడం నేర్పాడు. చెయ్యంత బండ్లు, నాలుగు చక్రాలు, ఇరుసులు. మొదటి ఏడు ఒక పిల్లాడు బండి పొట్ట తొలిచి లోపల ఇనప నట్లు కూరాడు. బరువున్న బండి జోరుగా పోతుంది కదా, అందరినీ దాటిపోయింది. మిగతా పిల్లలు ఏడ్చారు, తల్లులు జుట్లు పట్టుకున్నంత పని చేశారు. రెండో ఏడాదికి బాబాయ్ క్యాలెండరు కాగితం వెనక నిబంధనలు రాసి చర్చి గోడకి అతికించాడు.

చదివింది ఐదో తరగతి. అయినా ఆ కాగితంలో తికమక ఒక్కటి లేదు. బండి మొత్తం చెక్కే ఉండాలి, వేపైనా సరే, సుబాబులైనా సరే, చక్రాలు కూడా చెక్కవే. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చెప్పవచ్చు గానీ ఉలి ముట్టుకోకూడదు. వాలు మీద బండిని తోయకూడదు, చెయ్యి తీసేయాలి, అంతే. ఆడపిల్లలకి వేరే వరస లేదు. బరువు రెండు వందల గ్రాములు దాటకూడదు. దాటితే అక్కడే గీకి తగ్గించుకోవచ్చు, ఎంతసేపైనా ఆగుతాం. ఆఖరున, కింద రెండు గీతలు గీసి రాసిన మాట: “కాటాలో కనిపించినదే బరువు. తరుగు లేదు.”

అది చూసి నాకు నవ్వొచ్చింది.

“పిల్లల బొమ్మలకి తరుగేంటి బాబాయ్?” అన్నాను.

“ఒక్క చోటైనా లేకుండా ఉండనీ అమ్మాయ్” అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. లేదా అర్థం చేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు చెప్పేది మూడో ఏడు సంగతి. మా రేగడి నేల చాప పరిచినట్టు ఉంటుంది, బండి దొర్లడానికి వాలు ఎక్కడా దొరకదు. అందుకని జయపాల్ గారి గోడౌన్‌లో లారీకి టిక్కీలు ఎక్కించే పొడుగు చెక్కలు రెండు తెచ్చి చర్చి మెట్ల మీద నుంచి వాల్చారు. కప్పు కూడా ఆయనే ఇచ్చాడు. జయపాల్ గారు సంఘం పెద్ద, ఆదివారం ముందు బెంచీ ఆయనది. ఆయన కొడుకు జోయెల్ ఎనిమిదో తరగతి, నా దగ్గరే లెక్కలు చదువుతున్నాడు, మంచివాడు. వాడి బండి ఎర్ర రంగుతో, నున్నగా, అద్దంలా మెరుస్తోంది. ఆ బండి పిల్లాడి చేతి పని కాదని చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. ఎవరూ అనలేదు.

తూకం వరసలో వాడి వెనక హెలెన్ నిలబడింది. కొండమ్మ మనవరాలు, పన్నెండేళ్ళు. కొండమ్మ రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తుంది, కాయ జయపాల్ గారి కొట్టుకే తోలుతుంది. హెలెన్ పాత మంచంకోడు కోసి బండి చేసుకుంది. ఒక చక్రం కొంచెం వంకర, రంగు లేదు. పదిహేను రోజులు మా వీధి అరుగు మీద కూర్చుని చెక్కడం నేను చూశాను.

సలీం కిరాణా కొట్టు నుంచి తెచ్చిన కాటా బల్ల మీద పెట్టారు. జోయెల్ ముందు బండి పెట్టాడు. అంకెలు రెండు వందల ఎనిమిది దగ్గర ఆగాయి. బాబాయ్ తల పైకెత్తి, కొట్టులో వేసినట్టే గొంతు సాగదీసి, “రెండొందలూ” అని కేక వేశాడు. నేను ఆ అంకె చూశాను. చూసి, పుస్తకంలో 200 అని రాశాను. బల్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్ళూ చూశారు. ఒక్కరికీ తేడాగా అనిపించలేదు. లెక్కలు చెప్పే పంతులమ్మని, నాకూ అనిపించలేదు. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ జరిగింది అదే.

తర్వాత హెలెన్ బండి. రెండు వందల మూడు. బాబాయ్ మళ్ళీ “రెండొందలూ” అన్నాడు. నేను మళ్ళీ రాశాను. హెలెన్ బండి తీసుకోకుండా అక్కడే నిలబడింది.

“తాతా, మూడు ఎక్కువుంది.”

“పర్లేదులేమ్మా, తీసుకెళ్ళు” అన్నారు వెనక నుంచి ఎవరో.

“తరుగు లేదని రాసుందిగా. గరుకు కాయితం ఇస్తే గీక్కుంటా.”

ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు, గొప్ప లేదు. స్కూల్లో సుద్దముక్క అడిగినట్టు అడిగింది. కాగితం ఇస్తే మెట్టు మీద కూర్చుని గీకడం మొదలుపెట్టింది. బాబాయ్ మాత్రం కాటా వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు.

“అమ్మాయ్, రాసినవి రెండూ కొట్టెయ్” అన్నాడు నాతో. “జోయెల్, బండి ఇటు తీసుకురా నాయనా. మళ్ళీ తూస్తా.”

మళ్ళీ రెండు వందల ఎనిమిదే. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాడు. జోయెల్ పాపం హెలెన్ పక్కన కూర్చుని గీకడానికి సిద్ధపడ్డాడు. వాడి తండ్రే కుర్చీలోంచి లేచి వచ్చాడు.

“ఏంటి జక్రయ్యా, కేక పడ్డాక మళ్ళీ తూకమేంటి?”

“నోరు జారిందండీ. అలవాటు కొద్దీ అనేశాను.”

“గుంటూరులో రంగేయించాను దానికి. గీకితే ఇంకేం మిగుల్తుంది? ఎనిమిది గ్రాములేగా, తరుగు కింద కొట్టేసి పంపించు.”

“ఇక్కడ తరుగు లేదండి. గోడ మీద రాసి పెట్టాం.”

జయపాల్ గారు నవ్వాడు.

“ఇరవై ఆరేళ్ళు నా కాటా దగ్గర నిలబడి ఊరందరి దగ్గరా కోసింది నువ్వే కదయ్యా. ఇవాళ పిల్లల బొమ్మల దగ్గర నాకు నీతులు చెబుతున్నావా? రేపు కొట్టుకి రావాలని ఉందా లేదా?”

ఆ మాట అందరి ముందూ అన్నాడు. కోయించింది తను, కోసిన మిరప చేరింది తన గోడౌన్‌కి. నింద మాత్రం కూలి మనిషి మీద పెట్టాడు. ఆయన కొట్టులో ఏళ్ళ తరబడి నష్టపోయిన రైతులు పాతికమంది అక్కడే ఉన్నారు. ఒక్కడు నోరు మెదపలేదు. పాస్టరు గారు వచ్చి, “సర్దుకోండి జక్రయ్య గారూ, పిల్లల ఆటే కదా” అన్నారు. సర్దుకోమని జయపాల్ గారికి ఎందుకు చెప్పలేదో నేను తర్వాత అడిగాను. ఆయన చర్చి లోపలికి వెళ్ళిపోయారు.

బాబాయ్ బల్ల పట్టుకుని, విరిగిన తుంటి మీద భారం పడకుండా మెల్లగా జనం వైపు తిరిగాడు.

“ఆయన అన్నది నిజమే” అన్నాడు. “తీయమన్నది ఆయన. తీసింది నేను. మీ అందరి టిక్కీల్లోనూ తీశాను. కొండమ్మక్కా, నీ వాటిల్లోనూ తీశాను. ప్రతి టిక్కీలో తీశాను. అంకె నా కళ్ళ ముందే ఉండేది.”

కొండమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నేనూ చూస్తానే ఉన్నాగా జక్రయ్యా. నువ్వు కొయ్యకపోతే ఇంకొకడు కోసేవాడు. పోనీలే.”

ఆ ‘పోనీలే’ విన్నాక నాకు కోపంతో కళ్ళ నీళ్ళొచ్చాయి. జయపాల్ గారి మీద కోపం, పాస్టరు గారి మీద కోపం, కొండమ్మ మీద కూడా కోపం. పుస్తకంలో రెండుసార్లు తప్పు రాసిన నా చేతి మీద అందరికంటే ఎక్కువ కోపం.

“జోయెల్ బండి గీకితే పందెంలో ఉంటుంది. గీకకపోతే లేదు” అన్నాడు బాబాయ్. అదే ఆఖరి మాట.

జయపాల్ గారు కొడుకు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. పోతూ పోతూ ఇద్దరు హమాలీలకి చెప్పి తన చెక్కలు రెండూ పీకించుకుపోయాడు, కప్పు కూడా. పిల్లలు బండ్లు పట్టుకుని దిక్కులు చూశారు. ఆట చెడగొట్టింది ఎవరో ఇప్పుడు చెప్పండి. చర్చి లోపలి నుంచి బెంచీలు రెండు మోసుకొచ్చి, మెట్లకి ఏటవాలుగా ఆనించి, నేనూ సలీమూ తాళ్ళతో కట్టి పందెం నడిపించాం. సరిగ్గా రెండు వందలకి గీక్కున్న హెలెన్ బండి మూడోది వచ్చింది. వంకర చక్రం మధ్యలో కొంచెం అడ్డం తిరిగింది గానీ, లేకపోతే రెండోది వచ్చేదని ఆ పిల్ల లెక్క.

మర్నాడు పొద్దున్నే ఒక హమాలీ బాబాయ్ ఇంటికి వచ్చి, ఇంక రావద్దన్నారని చెప్పి పోయాడు. నేను సంఘం కమిటీ దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగాను. అది కొట్టు వ్యవహారం, సంఘానికి సంబంధం లేదన్నారు. పందెం చర్చి ముందే జరిగింది, ఆ మాట చర్చి ముందే అన్నారు, అయినా సంబంధం లేదట. ఎవరి పరువు కాపాడటానికి ఈ సంబంధాలు తెగుతాయో నాకు తెలుసు.

రెండు రోజుల తర్వాత బాబాయ్ మా ఇంటికొచ్చాడు. చేతిలో కొత్త కాగితం. పాత నిబంధనలన్నీ తిరగరాసి, కింద ఇంకోటి చేర్చాడు. చదవమని నా చేతికిచ్చాడు.

“బరువు పిల్లలే చూసి పిల్లలే చదవాలి. కాటా దగ్గర జక్రయ్య నిలబడకూడదు.”

“ఇదేంటి బాబాయ్? వాళ్ళు తీసేసింది చాలక నిన్ను నువ్వే తీసేసుకుంటావా?” అని అరిచాను. మా ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

ఆయన గొంతు పెంచలేదు.

“మూడు చూసి సున్నా అన్నానమ్మా. అన్నానని నాకే తెలీలేదు. ఆ పిల్ల చెబితే తెలిసింది. ఇలాంటి నోరు పిల్లల దగ్గర ఉండకూడదు.”

నేను అతికించనన్నాను. ఆయనే జిగురు తెచ్చుకుని, కుంటుకుంటూ వెళ్ళి అతికించాడు.

ఈ ఏడు మిరప తూకాలు మొదలయ్యాయి. జయపాల్ గారి కొట్టులో కొత్త కాటా మనిషి కేకలు వేస్తున్నాడు, నలభై ఒకటిన్నరకి నలభయ్ అంటున్నాడు, మావాళ్ళు తలకాయలు ఊపుతున్నారు. ఆదివారం ముందు బెంచీ ఎవరిదో వాళ్ళదే. బాబాయ్ మంచానికి నులక అల్లే పని దొరికితే చేస్తున్నాడు, లేనిరోజు ఊరికే కూర్చుంటున్నాడు. ఊరందరిలో తప్పు చేశానని చెప్పింది ఒక్కడే. కాటా దగ్గరికి రాకూడదని గోడ మీద పేరు రాసి ఉన్నదీ ఆ ఒక్కడిదే.